న్యూయార్క్ నగర ముద్రలో విల్లు పట్టిన మనిషి

అమెరికాలోని న్యూయార్క్ నగరానికి సొంత జెండా ఉంది. నీలం, తెలుపు, నారింజ రంగుల్లో మూడు నిలువు పట్టీలు. మధ్యలోని తెల్ల పట్టీ మీద నీలి గీతలతో గీసిన నగర ముద్ర. ఆ ముద్రలో ఒక డాలు, దానికి అటూ ఇటూ ఇద్దరు మనుషులు. ఒకడు ఓడ నడిపే నావికుడు. రెండోవాడు ఆదివాసి. అతని ఎడమ చేతిలో విల్లు ఉంది. విల్లు కింది కొన నేలకు ఆనించి ఉంది. కుడి చెయ్యి డాలు మీద ఉంది.

ప్రపంచంలోని అతిపెద్ద వ్యాపార నగరాల్లో ఒకటైన చోట, ప్రభుత్వ ముద్ర మీద ఒక ఆదివాసి బొమ్మ మూడు వందల ఏళ్ళకు పైగా ఉంది. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు మొదట సంతోషం కలిగింది. ఎక్కడో ఒకచోట మనలాంటి వాడికి గౌరవం దక్కిందనుకున్నాం. బొమ్మను ఇంకాస్త జాగ్రత్తగా చూశాక ప్రశ్నలు మొదలయ్యాయి. ఆ మనిషి ఎవరు? అతని తెగ పేరేమిటి? అతని వారసులు ఇప్పుడు ఆ నగరంలో ఉన్నారా? డాలు లోపల ఏముంది? దాన్ని అతను ఎందుకు పట్టుకుని నిలబడ్డాడు?

ఈ ప్రశ్నలకు జవాబులు వెతుకుతూ పోతే, ఒక నేల చేతులు మారిన చరిత్ర మొత్తం ఆ చిన్న బొమ్మలోనే దొరికింది. దాన్ని మన యువతతో, మన ఉపాధ్యాయులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

చిహ్నం మనకు కొత్త కాదు

యూరప్‌లో మధ్యయుగంలో యుద్ధానికి వెళ్ళే దొరలు తమ డాళ్ళ మీద గుర్తులు వేయించుకునేవారు. ఇనుప తొడుగు వేసుకున్న మనిషి ఎవరో దూరం నుంచి తెలియడానికి ఆ గుర్తే ఆధారం. తర్వాత అది వంశానికి గుర్తయింది. ఆ తర్వాత నగరాలు, సంస్థలు కూడా అలాంటి గుర్తులు పెట్టుకున్నాయి. నడుమ డాలు, డాలు మీద బొమ్మలు, పైన ఒక శిఖరం, రెండు పక్కలా డాలును పట్టుకుని నిలబడే ఆకారాలు, కింద రాత. ఇదీ ఆ చిహ్నాల పద్ధతి.

మన కోయల పడిగె తెలిసినవాళ్ళకు ఇదేమీ వింత కాదు. మూడు మూలల గుడ్డ మీద గట్టు వారీగా, ఇలవేల్పు వారీగా బొమ్మలు ఉంటాయి. ఆ బొమ్మల్లో వంశం ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది, ఎవరితో పోరాడింది అన్నదంతా ఉంటుంది. అయితే పడిగెకు డోలీలు ఉంటారు. వాళ్ళు పడిగె పట్టి, డోలు కొట్టి, బొమ్మ బొమ్మకూ కథ చెబుతారు. చెప్పేవాడు లేకపోతే పడిగె ఉత్త గుడ్డే అవుతుంది.

న్యూయార్క్ ముద్రకు అలాంటి డోలి లేడు. అందుకే చాలామంది దాన్ని చూస్తారు గాని చదవరు. మనం ఇప్పుడు బొమ్మ బొమ్మా విప్పి చదువుదాం.

డాలు లోపల ఏముంది?

డాలు మీద నాలుగు గాలిమర రెక్కలు అడ్డంగా కోసుకుంటూ, గుణకారపు గుర్తులాగా ఉంటాయి. ఆ రెక్కల మధ్య ఖాళీల్లో పైనొకటి కిందొకటి రెండు బీవర్లు, కుడిఎడమల రెండు పీపాలు ఉంటాయి. పీపాల్లో ఉన్నది గోధుమ పిండి.

బీవర్ మన అడవుల్లో లేని జంతువు. నీళ్ళలోనూ గట్టు మీదా బతుకుతుంది. పళ్ళతో చెట్లు కొరికి పడేసి, వాగులకు అడ్డుకట్టలు కట్టి, ఆ మడుగులో ఇల్లు కట్టుకుంటుంది. దాని తోలు మీద మెత్తటి దట్టమైన బొచ్చు ఉంటుంది. ఆ బొచ్చుతో చేసిన టోపీలంటే 17వ శతాబ్దపు యూరప్‌లో డబ్బున్నవాళ్ళందరికీ మోజు. ఆ మోజే డచ్చివాళ్ళను ఆ నేలకు రప్పించింది. 1609లో హెన్రీ హడ్సన్ డచ్చి కంపెనీ ఓడలో వచ్చి ఆ నదిలో పైకి ప్రయాణం చేశాడు. నదికి ఇప్పుడు అతని పేరే ఉంది. 1621లో డచ్ వెస్ట్ ఇండియా కంపెనీ పుట్టింది. 1625లో మన్‌హాటన్ దీవి దక్షిణపు కొసన ఆ కంపెనీ కోట కట్టడం మొదలుపెట్టింది. ఆ ఊరికి న్యూ ఆమ్‌స్టర్‌డామ్ అని పేరు పెట్టారు.

డచ్చివాళ్ళు తమ వలసకు చేయించిన ముద్రలో నడుమ బీవర్ ఉంది. 1654లో న్యూ ఆమ్‌స్టర్‌డామ్ ఊరికి వచ్చిన ముద్రలో ఆమ్‌స్టర్‌డామ్ నగరపు మూడు అడ్డ శిలువలు డాలు మీదకు ఎక్కాయి, వాటి పైన బీవర్ కూర్చుంది. హడ్సన్ నది ఎగువన ఉన్న మరో వర్తక స్థావరం పేరు కూడా బెవర్‌వైక్, అంటే బీవర్ల పేట. ఇప్పటి ఆల్బనీ నగరం అదే.

ఇక పిండి సంగతి. ఇంగ్లీషువాళ్ళ పాలనలో, 1670ల చివర నుంచి, ఎగుమతి కోసం పిండి జల్లించి పీపాలకెత్తే హక్కు న్యూయార్క్ నగరానికి మాత్రమే ఇచ్చారు. చుట్టుపక్కల రైతులంతా తమ గోధుమను నగరానికే తేవాలి. 1694లో ఆ హక్కు రద్దయ్యేదాకా నగరం దాని మీద బాగా పెరిగింది. అందుకే గాలిమర రెక్కలు, పిండి పీపాలు డాలు మీద చేరాయి.

అంటే డాలు లోపల ఉన్నవన్నీ సరుకులే. బీవర్‌ది కూడా జంతువుగా చోటు కాదు, తోలుగా చోటు. ఆ తోళ్ళు తెచ్చిందెవరు? వాగుల వెంట తిరిగి, వేటాడి, తోలు తీసి ఎండబెట్టి తెచ్చింది ఆదివాసులు. డచ్చివాళ్ళు వాటికి బదులుగా బట్టలు, ఇనుప గొడ్డళ్ళు, కుండలు, తుపాకులు, సారాయి ఇచ్చారు. ఆదివాసులు సముద్రపు గవ్వలతో వాంపం అనే పూసలు చేసేవారు. ఒప్పందాలకు, పెళ్ళిళ్ళకు, చనిపోయినవారి కోసం చేసే కర్మలకు అవి పవిత్రమైన గుర్తులు. డచ్చివాళ్ళు వాటిని నాణేలుగా మార్చి తోళ్ళు కొన్నారు. సరుకు తెచ్చిన మనిషి డాలు బయట నిలబడ్డాడు, సరుకు డాలు లోపలికి వెళ్ళింది.

సీజన్లో ఇప్పపువ్వు, తునికాకు, జిగురు సేకరించి సంతకు మోసుకెళ్ళిన మన పెద్దలకు ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

ఒకే ఉత్తరంలో రెండు లెక్కలు

1626 నవంబర్ 5న పీటర్ స్కాహెన్ అనే అధికారి హేగ్‌లోని డచ్చి ప్రభుత్వానికి ఒక చిన్న ఉత్తరం రాశాడు. ముందురోజు ఒక ఓడ వచ్చిందని, అక్కడి మన జనం బాగున్నారని, మన్‌హాటన్ దీవిని అక్కడి అడవి మనుషుల దగ్గర 60 గిల్డర్ల విలువకు కొన్నారని అందులో ఉంది. ఆ ఓడ పేరు ‘ఆమ్‌స్టర్‌డామ్ నగర చిహ్నం’ అని అర్థం వచ్చే డచ్చి మాట. అలా ఒక నగర చిహ్నం పేరున్న ఓడే, రేపు మరో నగర చిహ్నం పుట్టబోయే నేల అమ్ముడుపోయిందన్న కబురు మోసుకొచ్చింది.

అదే ఉత్తరంలో ఓడ తెచ్చిన సరుకు జాబితా కూడా ఉంది. మొదటి వరుసలోనే 7,246 బీవర్ తోళ్ళు. తర్వాత నీటికుక్కల తోళ్ళు, మరికొన్ని జంతువుల తోళ్ళు, ఓక్ దూలాలు. దీవి మొత్తానికి 60 గిల్డర్ల సామాను, ఒక్క ఓడలో వేల తోళ్ళు. రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉన్నాయి.

దీవిని అమ్మింది ఎవరో ఆ ఉత్తరం చెప్పదు. ఒక పేరు లేదు, తెగ పేరు కూడా లేదు. అమ్మకపు పత్రం ఏదీ ఇప్పటికి మిగల్లేదు. అక్కడి ఆదివాసుల దృష్టిలో నేలను వాడుకునే హక్కు పంచుకోవచ్చు గాని, నేలను ఒకరికి శాశ్వతంగా అప్పజెప్పి అక్కడినుంచి వెళ్ళిపోవడమనే ఆలోచన లేదని చాలామంది చరిత్రకారులు రాశారు. కానుకలు తీసుకుని, కొత్తగా వచ్చినవాళ్ళను తమతో పాటు ఉండనిచ్చామని వాళ్ళు అనుకుని ఉండవచ్చు. కాగితం రాసినవాళ్ళు మాత్రం దాన్ని కొనుగోలు అన్నారు. కాగితమే నిలిచింది.

విల్లుకర్రల దీవి

ఆ మనుషులు లెనాపేలు. ఇప్పటి న్యూయార్క్ నగరం, న్యూజెర్సీ, తూర్పు పెన్సిల్వేనియా, డెలావేర్ ప్రాంతాలన్నీ వాళ్ళ నేల. ఆ నేలను వాళ్ళు లెనాపెహోకింగ్ అంటారు. ఇవాళ మన తెలుగువాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళి వేలమంది స్థిరపడిన ఎడిసన్, జెర్సీ సిటీ ఆ నేలలోవే. లెనాపే ఆడవాళ్ళు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి సాగుచేసేవారు. మగవాళ్ళు వేటకు, చేపలకు వెళ్ళేవారు. వంశం తల్లివైపు నుంచి లెక్క. తాబేలు, తోడేలు, టర్కీ కోడి అని మూడు గోత్రాలు. నాలుగు దేవతల, ఐదు దేవతల సగలుగా లెక్కపెట్టుకునే గోండులకు, గట్టులుగా లెక్కపెట్టుకునే కోయలకు ఈ పద్ధతి సులువుగానే అర్థమవుతుంది.

మన్‌హాటన్ అనే పేరు లెనాపేల మున్సీ మాండలికం నుంచి వచ్చింది. విల్లుకు కావలసిన కర్ర దొరికే చోటు అని దానికి భాషా పండితులు అర్థం చెబుతారు. దీవి దక్షిణపు కొసన విల్లుకర్రకు పనికొచ్చే హికరీ చెట్లు ఉండేవని పాత మాట. సరిగ్గా ఆ కొసనే డచ్చివాళ్ళు కోట కట్టారు.

ఈ సంగతి తెలిశాక ముద్రలోని విల్లు మాకు వేరేగా కనిపించింది. బొమ్మ గీసినవాళ్ళు అది అడవి మనిషి గుర్తుగా వేశారు. కానీ అతని చేతిలోని విల్లే ఆ దీవి పేరు. ముద్ర చుట్టూ ఉన్న రాత మాత్రం వేరు. కింది పట్టీ మీద లాటిన్‌లో ‘సిగిల్లమ్ సివిటాటిస్ నోవి ఎబొరాకి’ అని ఉంటుంది. న్యూయార్క్ నగర ముద్ర అని దాని అర్థం. ఎబొరాకమ్ అనేది ఇంగ్లండులోని యార్క్ పట్టణానికి రోమన్ల కాలపు పేరు. లెనాపేల దీవికి డచ్చివాళ్ళు తమ ఊరి పేరు పెట్టారు, ఇంగ్లీషువాళ్ళు యార్క్ ప్రభువు పేరు పెట్టారు, ముద్ర మీద దాన్ని రోమన్ల భాషలో రాశారు. లెనాపే మాట ఒక్కటీ ముద్ర మీదికి ఎక్కలేదు.

ఆ నగరంలో పేరుపొందిన బ్రాడ్‌వే రోడ్డు కూడా కొంత మేర లెనాపేల పాత కాలిబాట మీదే సాగింది. బాట మిగిలింది గాని, ఆ బాట వేసిందెవరో రోడ్డు పేరు చెప్పదు.

1643 ఫిబ్రవరి రాత్రి

ముద్రలో నావికుడూ ఆదివాసీ సమానంగా, స్నేహంగా నిలబడి ఉంటారు. నావికుడి చేతిలో నీటి లోతు కొలిచే సీసపు గుండు తాడు ఉంది. భుజం పైన నక్షత్రాల ఎత్తు చూసి దారి తెలుసుకునే కర్ర పరికరం ఉంది. అతని చేతుల్లో తుపాకీ లేదు, కత్తి లేదు. బొమ్మ ఒక్కటే చూస్తే ఇద్దరూ మాట్లాడుకుని ఊరు కట్టుకున్నారని అనిపిస్తుంది.

జరిగింది అది కాదు. 1639లో డచ్చి గవర్నర్ విలెమ్ కీఫ్ట్ చుట్టుపక్కల ఆదివాసులు మొక్కజొన్న, తోళ్ళు, వాంపం రూపంలో పన్ను కట్టాలన్నాడు. మా నేల మీదికి వచ్చి మమ్మల్నే పన్ను అడుగుతావా అని వాళ్ళు ఒప్పుకోలేదు. గొడవలు పెరిగాయి. 1643 ఫిబ్రవరిలో ఉత్తరాది తెగల దాడులకు భయపడి కొందరు ఆదివాసులు డచ్చివాళ్ళ కోట దగ్గర ఆశ్రయం కోసం చేరారు. ఫిబ్రవరి 25 రాత్రి కీఫ్ట్ సైనికులు నిద్రలో ఉన్న ఆ జనం మీద పడ్డారు. నదికి అవతల పవోనియాలో 80 మంది, మన్‌హాటన్ మీద కోర్లియర్స్ హుక్ దగ్గర 40 మంది చనిపోయారు. చంటిపిల్లల్ని కూడా వదల్లేదని, ఆ రాత్రి కోటలో ఉన్న డేవిడ్ డి వ్రీస్ అనే డచ్చివాడే రాసిపెట్టాడు. ఆ తర్వాత రెండేళ్ళకు పైగా యుద్ధం సాగింది. 1645 ఆగస్టులో ఒప్పందం జరిగింది. అప్పటి పవోనియా ఇప్పటి జెర్సీ సిటీలో భాగం.

కరువులో పన్ను కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం మీదికొస్తే సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, జంపన్న ఎదురు నిలిచిన కథ విని పెరిగినవాళ్ళం మనం. ఈ రాత్రి సంగతి మనకు వేరే వాళ్ళ కథలా అనిపించదు.

కిరీటం పోయి గద్ద వచ్చింది

1664లో ఇంగ్లీషు ఓడలు వచ్చి ఊరిని స్వాధీనం చేసుకున్నాయి. న్యూ ఆమ్‌స్టర్‌డామ్ న్యూయార్క్ అయింది. 1686లో గవర్నర్ థామస్ డాంగన్ కాలంలో నగరానికి హక్కుల పత్రం వచ్చింది. ఆ ఏడాదే గాలిమర రెక్కలు, బీవర్లు, పీపాలు, నావికుడు, ఆదివాసి ఉన్న ముద్ర కూడా వచ్చింది. డాలు పైన ఇంగ్లీషు రాజు కిరీటం ఉండేది.

తర్వాత అమెరికా వలసలు ఇంగ్లండు మీద తిరగబడి స్వతంత్రమయ్యాయి. 1784లో ముద్ర మీది కిరీటం తీసేసి, భూగోళంలో సగం మీద కూర్చున్న గద్దను పెట్టారు. పాలకులు మారితే ముద్ర మారుతుందనడానికి ఇది తిరుగులేని సాక్ష్యం. పై బొమ్మ మారింది. డాలు లోపలి సరుకు మారలేదు. పక్కన నిలబడ్డ ఆదివాసి స్థానమూ మారలేదు.

ఏ సంవత్సరం రాయాలి?

1915లో నగరం తన ముద్రను తీర్చిదిద్ది, జెండా కూడా తయారు చేసుకుంది. డచ్చివాళ్ళ పాత జెండా రంగులే తీసుకుంది. ముద్ర కింద 1664 అని సంవత్సరం వేశారు. అంటే ఇంగ్లీషువాళ్ళు వచ్చిన ఏడాది నుంచే నగరం మొదలైందన్నమాట.

1970లలో నగర పాలక మండలి అధ్యక్షుడిగా ఉన్న పాల్ ఓడ్వయర్ ఈ సంవత్సరం మార్చాలన్నాడు. ఆయన ఐర్లండులో పుట్టినవాడు. ఇంగ్లీషు పాలన అంటే ఏమిటో ఆ దేశస్థులకు బాగా తెలుసు. ఆ ప్రతిపాదన నెగ్గింది. 1977లో ముద్ర మీద 1664 పోయి 1625 వచ్చింది. డచ్చివాళ్ళు ఊరు స్థాపించిన ఏడాదని నగర చట్టంలోనే దానికి వివరణ ఉంది.

ఈ వాదన మనం బాగా ఆలోచించవలసినది. ఇంగ్లీషువాళ్ళు ముందా, డచ్చివాళ్ళు ముందా అని మాత్రమే లెక్క తేల్చారు. సముద్రం దాటి వచ్చిన ఇద్దరిలో ఎవరు పెద్ద అన్నదే తగాదా. అప్పటికే వేల ఏళ్ళుగా ఆ నేల మీద బతికిన వాళ్ళ బొమ్మ సంవత్సరం అంకెకు కాస్త పైనే ఉంది. కానీ వాళ్ళ కాలం ఆ లెక్కలోకి రాలేదు. చట్టంలో ముద్రను వర్ణించేటప్పుడు కూడా ఆ మనిషిని ‘మన్‌హాటన్ ఇండియన్’ అని మాత్రమే అన్నారు. ఇండియా వెతుకుతూ దారి తప్పి వచ్చినవాళ్ళు పెట్టిన పొరపాటు పేరు అది. లెనాపే అన్న మాట అక్కడ లేదు.

ముద్రలో అసలే లేనివాళ్ళు

ఆదివాసికి కనీసం పక్కన నిలబడే చోటు దొరికింది. ఆ చోటు కూడా దొరకనివాళ్ళున్నారు. 1620లలోనే డచ్చి కంపెనీ ఆఫ్రికన్లను బానిసలుగా తెచ్చింది. అడవి నరికింది, రోడ్లు వేసింది, కోట పనులు చేసింది వాళ్ళు. 1653లో ఊరికి ఉత్తరాన కట్టిన చెక్క గోడ పనిలో వాళ్ళ చెమట ఉంది. ఆ గోడ ఉన్న చోటే ఇప్పటి వాల్ స్ట్రీట్. 1711లో ఆ వీధి చివరే బానిసల అంగడి పెట్టారు. 1991లో ఒక భవనం కోసం తవ్వుతుంటే ఆఫ్రికన్ల పాత శ్మశానం బయటపడింది. 400 మందికి పైగా మనుషుల అవశేషాలు దొరికాయి. ఇప్పుడది జాతీయ స్మారకం.

ఆడవాళ్ళు కూడా ముద్రలో లేరు. మొక్కజొన్న పండించి లెనాపే ఊళ్ళను నిలబెట్టిందీ, కొత్తగా వచ్చిన డచ్చివాళ్ళకు తిండి అందేలా చేసిందీ ఆడవాళ్ళే. డాలు మీద పిండి పీపాకు చోటుంది. పంట పండించిన చేతికి లేదు.

ఆ మనిషి వారసులు ఎక్కడ?

అమెరికా స్వతంత్ర పోరాటంలో ఉండగా, 1778లో ఫోర్ట్ పిట్ దగ్గర కొత్త ప్రభుత్వం లెనాపేలతో ఒప్పందం రాసుకుంది. ఆదివాసులతో అమెరికా ప్రభుత్వం రాసుకున్న మొదటి లిఖిత ఒప్పందం అదే. ఒప్పందం ఉన్నా లెనాపేల నడక ఆగలేదు. పెన్సిల్వేనియా నుంచి ఒహాయో, అక్కడినుంచి ఇండియానా, మిస్సోరి, కాన్సస్, చివరకు ఓక్లహామా. ప్రతిచోటా కొత్త ఒప్పందం, కొత్త హద్దు, మళ్ళీ ఖాళీ చెయ్యమనడం. ఇప్పుడు వాళ్ళ తెగ ప్రభుత్వాలు ఓక్లహామాలో రెండు, విస్కాన్సిన్‌లో మోహికన్లతో కలిసి ఒకటి ఉన్నాయి. కెనడాలోని అంటారియోలో కూడా వాళ్ళ సమూహాలున్నాయి. డెలావేర్లు అని వాళ్ళకు వచ్చిన పేరు కూడా ఒక ఇంగ్లీషు ప్రభువుది.

బీవర్ల సంగతి కూడా చెప్పాలి. టోపీల కోసం వేటాడి వేటాడి నగరం చుట్టుపక్కల బీవర్ అన్నది లేకుండా చేశారు. దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత, 2007లో, నగరంలోని బ్రాంక్స్ నదిలో ఒక బీవర్ కనిపించింది. పత్రికలన్నీ రాశాయి. ఆ నదిని శుభ్రం చేయించడానికి కృషి చేసిన చట్టసభ సభ్యుడి పేరు మీద దానికి హోసే అని పేరు పెట్టారు. బీవర్ తిరిగి వచ్చినందుకు మేమూ సంతోషించాం. అయితే బీవర్‌కు కూడా ఒక పేరు దొరికింది గదా, విల్లు పట్టిన మనిషికి ఎప్పుడు దొరుకుతుంది అని అడగాలనిపించింది.

అతని మనుషులు మాత్రం ఆ పేరు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. ఓక్లహామాలోని డెలావేర్ తెగ తన సొంత ముద్రలో తాబేలు, తోడేలు, టర్కీ కోడి గోత్రాల గుర్తులు పెట్టుకుంది. ఆ ముద్రలో వాళ్ళు ఎవరి డాలుకూ ఆసరాగా నిలబడి లేరు.

బొమ్మ తీసేస్తే సరిపోతుందా?

ఇలాంటి ముద్రలు ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరానికి 1908లో వచ్చిన చిహ్నంలో కూడా డాలుకు ఒక పక్క నావికుడు, మరో పక్క ఈటె పట్టిన ఆదివాసి ఉండేవారు. 1996లో ఆ ఇద్దరినీ తీసేశారు. నావికుడి స్థానంలో ఓడ తాడు, ఆదివాసి స్థానంలో అక్కడి ఆదివాసుల సృష్టి కథల్లోని ఇంద్రధనుస్సు సర్పం వచ్చాయి.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రపు పాత ముద్రలో ఒక తెల్ల రైతు నేల దున్నుతుంటే, గుర్రం మీద ఒక ఆదివాసి దూరంగా సాగిపోతూ ఉండేవాడు. 2024 మేలో ఆ ముద్ర మారింది. కొత్త దానిలో ఒక నీటి పక్షి ఉంది. దానితో పాటు డకోటా భాషలో ‘మ్ని సోటా మకోచే’ అన్న మాట ఉంది. ఆకాశం నీళ్ళలో కనిపించే నేల అని దాని అర్థం. రాష్ట్రం పేరు పుట్టింది ఆ మాట నుంచే.

ఈ రెండింటిలో మాకు రెండోది ఎక్కువ నచ్చింది. అవమానకరమైన బొమ్మ పోవడం మంచిదే. కానీ బొమ్మ పోయాక అక్కడ ఏమొచ్చిందన్నది అంతకన్నా ముఖ్యం. ఆ జనం భాష, ఆ జనం పెట్టిన పేరు ప్రభుత్వ ముద్ర మీదికి రావడం చిన్న విషయం కాదు. అయితే ముద్ర మారినంత మాత్రాన పోయిన నేల తిరిగి రాదు. ఆ సంగతి కూడా మరవకూడదు.

మన దగ్గర చూద్దాం

మన ప్రాంతంలో ఏ ప్రభుత్వ కార్యక్రమం జరిగినా ఫ్లెక్సీ మీద నెమలి ఈకల టోపీతో గుస్సాడీ, చేయీ చేయీ పట్టుకున్న థింసా ఆడపడుచులు కనిపిస్తారు. బొమ్మ ఉన్నందుకు సంతోషమే. ఆ ఫ్లెక్సీ మీద ఇంకేం రాసి ఉంది, ఆ సభలో మాట్లాడేది ఎవరు అని కూడా చూడాలి. పోడు పట్టా కోసం తిరిగి తిరిగి అలసిన మనిషి బొమ్మ కూడా, అతని అనుమతి అడగకుండానే, ఆ ఫ్లెక్సీ మీద డాలు మోస్తూ ఉండవచ్చు.

ఒకే గుర్తు అందరికీ ఒకే మాట చెప్పదు. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో కాకతీయుల తోరణం, చార్మినార్ ఉన్నాయి. ఆ తోరణాన్ని చూసి చెరువులు తవ్వించిన రాజుల్ని తలుచుకునేవారు ఉన్నారు. మేడారం గద్దెల ముందు మొక్కేవాడికి ఆ తోరణం ఇంకో సంగతి కూడా గుర్తు చేస్తుంది. రెండూ చరిత్రే. బడిలో రెండూ చెప్పాలి.

మన పెద్దలు కూడా చిహ్నాలు చెక్కించారు. ఆదిలాబాద్‌కు పక్కనే ఉన్న చంద్రపూర్, పాత పేరు చాందా, గోండు రాజుల రాజధాని. ఆ నగరపు కోట గోడ ఇప్పటికీ నిలిచి ఉంది. కోట ద్వారాల మీద ఏనుగును లొంగదీసిన సింహం బొమ్మ రాతిలో చెక్కి ఉంటుంది. అది గోండు రాజ్యపు గుర్తు. ఆ ద్వారం దగ్గర నిలబడితే, డాలు పక్కన మోసేవాడిగా కాక రాజ్యం ఏలినవాడిగా ఆదివాసి కనిపిస్తాడు. మన పిల్లల్ని ఒకసారి అక్కడికి తీసుకెళ్ళి ఆ రాతి బొమ్మలు చూపించాలి.

బడిలో చెయ్యదగిన పని

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. పిల్లలకు తెలిసిన ఏదైనా ఒక చిహ్నం తీసుకోండి. రూపాయి నోటు మీది గుర్తు కావచ్చు, బస్సు మీది గుర్తు కావచ్చు, మన పంచాయతీ గోడ మీది బొమ్మ కావచ్చు. దాన్ని పలక మీద గీయించి ఐదు ప్రశ్నలు అడిగించండి. ఇది ఎవరు గీయించారు? లోపల ఏమేం పెట్టారు? పక్కన ఎవరిని నిలబెట్టారు? ఏ సంవత్సరం, ఏ భాష రాశారు? ఇందులో లేనివాళ్ళు ఎవరు?

తర్వాత ఊరిలో పడిగె చదవగల డోలి ఉంటే బడికి పిలవండి. డోలి లేని చోట తోటినో, ప్రధానినో, కథలు తెలిసిన అవ్వనో పిలవండి. వాళ్ళు చెప్పింది పిల్లలతో రాయించండి. ఒక్కో పడిగెలో ఎన్ని బొమ్మలున్నాయి, ఏ బొమ్మకు ఏ పేరు, ఏ కథ, అన్నీ రాయించండి. వీలైతే మన మాటలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాయించండి. చెప్పే పెద్దలు తగ్గిపోతున్నారు. ఈ ఎండాకాలం సెలవులకు ముందే ఈ పని మొదలుపెట్టమని కోరుతున్నాం.